ఛేజ్ కౌంటీ ఒంటిగది బడుల రికార్డులు ఎక్కడ దొరుకుతాయి?

అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, ఛేజ్ కౌంటీలో ఒకప్పుడు నడిచిన ఒంటిగది బడుల చరిత్రను తెలుగులో రాయాలని సంకల్పించాను. పాత రికార్డులతో పనిచేసిన అనుభవం ఉన్నవారి సహాయం కోరుతున్నాను.

స్ట్రాంగ్ సిటీకి ఉత్తరాన, గడ్డిమైదానంలో ఒక గుట్ట మీద, 1882లో సున్నపురాతితో కట్టిన లోయర్ ఫాక్స్ క్రీక్ బడి నేటికీ నిలిచి ఉంది. 1884లో తరగతులు మొదలై 1930 వరకు సాగిన ఆ బడిలో, వేర్వేరు వయసుల పిల్లలందరికీ ఒకే గదిలో ఒక్కరే పాఠం చెప్పేవారు. మన ఏకోపాధ్యాయ పాఠశాలలను ఎరిగినవారికి ఆ శ్రమ ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు. కట్టడం వివరాలు సులభంగానే దొరికాయి. నాకు కావలసింది అక్కడ చదివిన, చదువు చెప్పిన మనుషుల సంగతి.

చిన్న చిన్న బడి జిల్లాలను కలిపిన 1963 నాటి ఏకీకరణ చట్టంతో గ్రామీణ బడుల పాలనావ్యవస్థ మారిపోయింది. అంతకుముందే మూతపడిన ఇలాంటి బడుల హాజరుపట్టీలు, ఉపాధ్యాయుల ఒప్పంద పత్రాలు, కౌంటీ సూపరింటెండెంట్ (కౌంటీలోని బడుల పర్యవేక్షణాధికారి) నివేదికలు ఎక్కడికి చేరి ఉంటాయి? కాటన్‌వుడ్ ఫాల్స్‌లోని కౌంటీ కార్యాలయాల్లో వెతకాలా, టొపీకాలోని రాష్ట్ర చరిత్ర సంస్థలో వెతకాలా?

మరొక సందేహం. కాన్సస్, నెబ్రాస్కా ప్రాంతాలను ఏర్పరచిన 1854 చట్టం ప్రతి టౌన్‌షిప్‌లో (36 సెక్షన్లుగా విభజించిన భూమి సర్వే విభాగం; ఒక్కో సెక్షన్ సుమారు ఒక చదరపు మైలు) 16వ, 36వ సెక్షన్ల భూమిని బడుల కోసం కేటాయించింది. ఆ భూముల రాబడిలో ఒక చిన్న బడికి ఎంత అందిందో, ఉపాధ్యాయుల జీతంలో స్థానిక పన్ను వాటా ఎంతో తేల్చడానికి ఏ లెక్కల పుస్తకాలు చూడాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.