తల వంచరా, వంచరాదా, వంచలేరా?

తుంగభద్ర: ఇవాళ మే 4 కదా, పొద్దుట్నుంచీ ఒక వాక్యం బుర్ర తినేస్తోంది. 1919లో ఇదే రోజు బీజింగ్ విద్యార్థులు నిరసన ఊరేగింపులో పంచిన కరపత్రంలోది. పాత పత్రికలో తెలుగులో చదివాను. "చైనా నేలను జయించవచ్చు గానీ (ఇక్కడ ఏదో ఉంది), చైనా ప్రజలను చంపవచ్చు గానీ తల వంచ..." చివర "రు"నా, "రాదు"నా?

శకటరేఫం: "రాదు"నే. చైనీస్ మూలంలో "కెయి", "బు కెయి" అని జంటగా వస్తాయి. చేయవచ్చు, చేయరాదు. "వంచరు" అంటే జోస్యం, "వంచరాదు" అంటే ఆన.

పాత కాగితం: "వంచలేరు" అని కూడా చూశాను.

శకటరేఫం: అదైతే మెడ పట్టేసిందనుకుంటారు! అసలు తప్పు ముందే ఉంది. "ప్రజలను చంపవచ్చు గానీ తల వంచరాదు" అంటే తల వంచకూడనిది ఎవరు? చంపేవాడా? "ప్రజలు చావవచ్చు గానీ" అని ఉండాలి.

పాత కాగితం: ఆ ఖాళీలో "ధారాదత్తం చేయరాదు" వేయండి. మూలంలోని "దువాన్‌సొంగ్" అంటే చేజేతులా పోగొట్టుకోవడం. చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో జర్మనీకున్న హక్కుల్ని మొదటి ప్రపంచయుద్ధం తర్వాత వెర్సాయ్ సంధిలో జపాన్‌కి కట్టబెట్టారు సరే, ఆ రాష్ట్రం విషయంలో 1918లోనే బీజింగ్ ప్రభుత్వం జపాన్‌కి "సంతోషంగా ఒప్పుకుంటున్నాం" అని రాసిచ్చింది. కుర్రాళ్లు వెళ్లి మంత్రి త్సావో రూలిన్ ఇల్లు తగలబెట్టింది ఆ కడుపుమంటతోనే. "వదులుకోరాదు" అంటే చప్పబడిపోతుంది.

తుంగభద్ర: రాసిందెవరు?

పాత కాగితం: లువో జియాలున్, అప్పటికి 21 ఏళ్లవాడు. 1947 నుంచి 49 దాకా ఢిల్లీలో చైనా రాయబారి ఈయనే. అదే రోజు షు దహెంగ్ రాసిన ఇంకో ప్రకటన గ్రాంథికపు ఫక్కీలో ఉంది. జనం నోట నిలిచింది మాత్రం లువో రాసిన వాడుక చైనీసే. వాడుక భాష కోసం మన గిడుగువారు "తెలుగు" పత్రిక పెట్టిందీ 1919లోనే.

ఛందోప్రియ: గిడుగు దాకా వెళ్లి గురజాడను వదిలేస్తారా? ఈ వాక్యానికి వచనం చాలదు, ముత్యాలసరం కావాలి. మూడు, నాలుగు మాత్రలు, లెక్క చూసుకోండి.

నేల గెలిచిన గెలవవచ్చును
ధారపోయగ రాదు సుమ్మీ
జనుల చంపిన చంపవచ్చును
తలలు వంచగ రాదు

శకటరేఫం: మళ్లీ "జనుల చంపిన"! కర్త గొడవ అలాగే ఉంది. "సుమ్మీ" వట్టి పూరణ. కరపత్రంలో పూరణకి చోటేదండీ?

ఛందోప్రియ: గురజాడ అయితే అక్కడ "ఓయ్" వేసేవాడు.

శకటరేఫం: "ఓయ్" మాత్రం పూరణ కాదా?

ఛందోప్రియ: ఆ మాట విజయనగరం వెళ్లి అని చూడండి.

తుంగభద్ర: ఇంతకీ "రు"నా, "రాదు"నా?

పాత కాగితం: గిడుగువారి పత్రికలో "రాదు" వాడుక మీద వ్యాసం ఉందేమో వెతుకుతున్నా, ఆగండి.