ఆటస్థలం బాగుచేయాలి, కానీ ఒక మూల మట్టిలో సీసం ఉందని అనుమానం: పని ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: కాలనీ కార్యదర్శి, తిరుపతి

అందరికీ నమస్కారం. తిరుపతిలో రేణిగుంట రోడ్డు వైపున్న మా కాలనీలో సుమారు 30 సెంట్ల ఆటస్థలం ఉంది. జారుడుబల్ల తుప్పుపట్టి అంచులు లేచిపోయాయి, ఊయల గొలుసులు అరిగిపోయాయి, సాయంత్రం నడకకు వచ్చే పెద్దవాళ్లు కూర్చోవడానికి ఒక్క బల్ల కూడా లేదు. దాతలు ఇచ్చిన సొమ్ముకు నగరపాలక సంస్థ సాయం తోడవడంతో ఇప్పుడు పని మొదలుపెట్టగలమన్న ధైర్యం వచ్చింది.

చిక్కంతా ఈశాన్య మూలతోనే. ప్రహరీ కట్టకముందు ఆ మూలను ఆనుకుని పాత బ్యాటరీలు పగలగొట్టి వాటిలోని సీసపు ప్లేట్లు కరిగించే రేకుల షెడ్డు ఉండేదని, ఆమ్లం నీళ్లను ఇటువైపే పారబోసేవారని పాతకాపులు చెబుతున్నారు. షెడ్డు ఎప్పుడో పోయింది. కానీ గట్టి వాన కురిసిన మరునాడు అక్కడ ఆరు సెంట్ల మేర నల్లటి డబ్బా పెంకులు, బూడిదరంగు పొడి అంటుకున్న జాలీ ముక్కలు ఇప్పటికీ పైకి తేలుతుంటాయి. మిగతా స్థలమంతా గరిక పట్టినా ఆ మూల మాత్రం బోసిగానే ఉంటుంది.

కాంట్రాక్టరు అక్కడ ఒక అడుగు తవ్వి, ఆ మట్టితోనే పడమటి పల్లాన్ని పూడ్చి చదును చేస్తానంటున్నారు. సంఘ సభ్యులొకరు మట్టి పరీక్ష చేయించి, భాస్వరం, పొటాష్ బాగున్నాయన్న కార్డు చూపించి ఇక అనుమానం అక్కర్లేదంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఏ పరీక్ష, ఎంత లోతున చేయించాలి? మట్టిని ఎత్తేయాలా, కప్పాలా? పని సాగేటప్పుడు పిల్లలకు, కూలీలకు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: పర్యావరణ ఇంజినీరు

కార్యదర్శి గారూ, ముందుగా ఆ తవ్వకాన్ని ఆపించండి. ఆరు సెంట్లలో ఉన్న సీసాన్ని ముప్పై సెంట్లకూ పరచడానికి అంతకన్నా సులువైన మార్గం లేదు. సీసం కుళ్లదు, ఆవిరి కాదు. కదపకపోతే చాలావరకు పై పొరలోనే దశాబ్దాల తరబడి మట్టిని అంటిపెట్టుకుని ఉంటుంది. మీ దగ్గర ఆమ్లం కూడా పడిందంటున్నారు కాబట్టి కొంత కిందికి దిగి ఉండవచ్చు, అందుకే లోతు నమూనాలు కూడా అవసరం.

మీ సభ్యులు చూపించిన కార్డు పైరుకు సంబంధించినది. అందులో నత్రజని, భాస్వరం, పొటాష్, జింకు, ఇనుము వంటివి ఉంటాయి తప్ప సీసం ఉండదు. ఎన్‌ఏబీఎల్ (ప్రయోగశాలల నాణ్యతను ధ్రువీకరించే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ప్రయోగశాలను సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, యాంటిమొనీ, వాటితోపాటు మట్టి ఆమ్లగుణం కొలవమని రాతపూర్వకంగా అడగండి. ఏర్పేడు వైపు ఐఐటీ, ఐసర్, నగరంలోనే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉన్న ఊరు మనది; చేతిలో పట్టుకుని చూసే ఎక్స్‌ఆర్‌ఎఫ్ పరికరం (ఎక్స్-కిరణాలతో మట్టిలోని లోహాలను అక్కడికక్కడే కొలిచేది) ఏ విభాగంలోనైనా ఉందేమో సంఘం తరఫున లేఖ రాసి కనుక్కోవడంలో తప్పులేదు. అది దొరికితే ఒక్క పూటలో స్థలమంతా చూసి, ఎక్కువ కనిపించిన చోట్ల నమూనాలను మాత్రమే ప్రయోగశాలకు పంపవచ్చు.

నమూనా తీసే తీరులోనే ఫలితం సగం తేలిపోతుంది. అనుమానమున్న మూలలో ఐదు మీటర్లకొక గడి, మిగతాచోట ఇంకా పెద్ద గళ్లు గీసుకోండి. పై రెండున్నర సెంటీమీటర్ల మట్టిని విడిగా తీయాలి, ఎందుకంటే పిల్లల చేతికి అంటేది అదే. ఆ మూలలో 15, 30, 60 సెంటీమీటర్ల లోతు నుంచి కూడా తీయించండి. 150 మైక్రాన్ల (0.15 మిల్లీమీటరు) జల్లెడ దిగిన సన్న మట్టిలో కొలవమని ప్రయోగశాలకు చెప్పండి, ఎందుకంటే వేళ్లకు అంటుకుని నోటిలోకి పోయేది ఆ ధూళే. స్థలం మొత్తం మట్టిని ఒకే సంచిలో కలిపి పంపితే మాత్రం మంచి మట్టిలో చెడ్డది పలచబడి, సగటు చూడముచ్చటగా వస్తుంది. అలాంటి నివేదికలు నేను చాలా చూశాను.

అంకెల విషయానికొస్తే, అమెరికా పర్యావరణ సంస్థ ఇళ్ల పరిసరాల మట్టికి వాడుతున్న కిలోకు 400 మిల్లీగ్రాముల పరిశీలనా స్థాయిని (సీసం అంతకు మించితే ఇంకా లోతుగా పరిశీలించాలనే హద్దును) 2024 జనవరిలో 200కు తగ్గించింది. మన దేశంలో కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు 2025 జులైలో వచ్చాయి. వాటి ప్రకారం జిల్లా యంత్రాంగం లేదా స్థానిక సంస్థ అనుమానిత స్థలాన్ని గుర్తించి పంపితే, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాథమిక పరిశీలన, అవసరమైతే సవివర సర్వే జరిపించాలి. కాబట్టి నగరపాలక సంస్థకు, మండలి ప్రాంతీయ కార్యాలయానికి ఇప్పుడే అర్జీ పెట్టి రసీదు తీసుకోండి. ఫలితాలు వచ్చాక అర్జీ పెడితే కాగితాలు నడిచేసరికి ఒక సీజను గడిచిపోతుంది.

నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పదలచుకున్నది ఇది: ముందు ఎక్కడ ఎంత సీసం ఉందో చూపే మట్టి పటం, ఆ తర్వాతే ఆట పరికరాల ప్లాను. పిల్లల ఒంటికి మట్టి ఎక్కువగా అంటేది కబడ్డీ కోర్టులోనూ ఇసుక గుంటలోనూ. అవి రెండూ శుభ్రమని తేలిన చోటే ఉండాలి. కాలు తప్ప చేయి తగలని షటిల్ కోర్టును కాంక్రీటు వేసి మలినపు మూల మీద పెట్టవచ్చు. ఊయలకూ జారుడుబల్లకూ లోతైన పునాది గుంతలు కావాలి కనుక వాటిని అటు పోనివ్వకండి. మీ దగ్గర ఇప్పటికే ప్లాను గీసి ఉంటే, దాన్ని పక్కనపెట్టి మళ్లీ గీయించండి.

జవాబు: సివిల్ పనుల పర్యవేక్షకుడు

పై జవాబుతో ఏకీభవిస్తూ, కప్పడానికీ ఎత్తేయడానికీ ఉన్న తేడాను లెక్కలో చూపిస్తాను. ఆరు సెంట్లంటే సుమారు 243 చదరపు మీటర్లు. ఒక అడుగు లోతు తవ్వితే సుమారు 74 ఘనపు మీటర్ల మట్టి, అంటే వంద టన్నుల పైమాటే. లీచింగ్ పరీక్షలో (మట్టి నుంచి ద్రవంలోకి ఎంత సీసం ఊరుతుందో చూసే పరీక్ష) సీసం లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటితే అది ప్రమాదకర వ్యర్థం కిందికి వస్తుంది. అప్పుడు దాన్ని ఏ చెరువుకట్ట పక్కనో పారబోయడానికి వీల్లేదు, అనుమతి ఉన్న శుద్ధి కేంద్రానికే చేర్చాలి. విశాఖ దగ్గరి పరవాడలో అలాంటిది ఉంది, కానీ ఇక్కడి నుంచి సుమారు ఏడు వందల కిలోమీటర్లు. దాతల సొమ్ము లారీ బాడుగలకే చాలదు. అందుకే పెంకులూ జాలీ ముక్కలూ కుప్పగా ఉన్న చోట్ల మట్టిని మాత్రం మండలి చెప్పిన ప్రకారం ఎత్తించి, తక్కినదాన్ని కప్పడమే సామాన్యంగా జరిగే పని.

కప్పడమంటే నాలుగు ట్రాక్టర్ల గ్రావెల్ కొట్టి రోలరు తిప్పడం కాదు. ముందు తడిపి, చదునుచేసి, నారింజరంగు జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీరు దిగనిచ్చే గట్టి సింథటిక్ వస్త్రం) పరచాలి. రేపెవరైనా తవ్వినప్పుడు ఆ రంగు కనబడితే అక్కడే ఆగాలన్నది దాని ఉద్దేశం. కాంక్రీటు రాని చోట దాని మీద దిమ్మిస కొట్టాక కూడా 30 సెంటీమీటర్లు మిగిలేలా మంచి మట్టి వేయాలి. అమెరికా పర్యావరణ సంస్థ చేతిపుస్తకంలోనూ కనీసం 12 అంగుళాలనే ఉంది, కూరగాయలు పెంచే చోటైతే 24. మట్టి అణుగుతుంది కనుక లెక్కకన్నా ఐదో వంతు ఎక్కువ తెప్పించుకోండి. పైన గడ్డి పట్టించాలి, లేకపోతే రెండు వానలకు గుడ్డ బయటపడుతుంది.

తెచ్చే మట్టిని కూడా పరీక్షించాలి. చెరువు పూడికమట్టి అనగానే మంచిదని మనవాళ్ల నమ్మకం. ఊరి మురుగు కలిసే చెరువైతే ఆ నమ్మకం చెల్లదు. మట్టి ఎక్కడ తవ్వారో రాసివ్వని ట్రాక్టరును గేటు దాటనివ్వకండి.

ఇక పనిరోజుల సంగతి. ఆ మూల చుట్టూ రేకులు కట్టించి, పొడి లేవకుండా నీళ్లు చల్లిస్తుండాలి, కానీ నీళ్లు కాలువలోకి పారేంతగా కాదు. బండి మీద టార్పాలిన్ లేకుండా పిడికెడు మట్టి కూడా బయటికి పోకూడదు. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటి: తల్లిదండ్రులు తట్టలు మోస్తుంటే కూలీల పిల్లలు ఆ మట్టి కుప్ప మీదే ఆడుకుంటూ ఉంటారు, మధ్యాహ్నం ఆ పక్కనే సద్ది విప్పుతారు. కాలనీ పిల్లల కోసం చేసే పనిలో వీళ్ల పిల్లలు సీసం మింగడం ఏం న్యాయం? వాళ్లు ఉండడానికి సామాజిక భవనంలో ఒక గది తెరిపించండి. కూలీలకు ఎన్95 మాస్కులు, చేతి తొడుగులు, సబ్బు, కుళాయి, ఇంటికి వెళ్లేముందు బట్టలు మార్చుకునే చోటు కాంట్రాక్టు పత్రంలోనే రాయించండి.

ఆ మూలలో చెట్లున్నాయా? వేప మొదలు చుట్టూ అడుగు మట్టి పోస్తే వేర్లకు గాలాడక చెట్టు క్రమంగా ఎండిపోతుంది. మొదలు దగ్గర మట్టి ఎత్తు పెంచకుండా, పలచగా చెక్కపొట్టు పరచి చుట్టూ కంచె వేయడం నయం.

జవాబు: ప్రకృతి ప్రేమికుడు

ఇంత ఖర్చెందుకండీ? పొద్దుతిరుగుడు, ఆవ మొక్కలు వేస్తే సీసాన్ని అవే పీల్చేస్తాయని చదివాను. రెండు పంటలు తీస్తే మట్టి శుభ్రమవుతుంది కదా?

జవాబు: పర్యావరణ ఇంజినీరు

అంత తేలిక కాదండీ. సీసం మట్టి రేణువులకు గట్టిగా పట్టుకుంటుంది, వేరు తీసుకున్న కొంచెమూ ఎక్కువగా వేరులోనే ఆగిపోతుంది. మొక్కలతో మట్టి శుభ్రపడాలంటే ఎన్నో ఏళ్లు పడుతుంది, కోసిన మొక్కలనూ జాగ్రత్తగా పారవేయాలి. మొక్క పీల్చుకునేలా సీసాన్ని కరిగించే రసాయనాలు వాడితే సీసం భూగర్భజలంలోకి దిగే ప్రమాదం ఉంది. ఆటస్థలంలో అంతకాలం పిల్లలను ఆపలేం. ఫాస్ఫేటు ఎరువు కలిపితే సీసం ఒంటికి పట్టడం తగ్గుతుందన్నది నిజమే, కానీ అక్కడ ఆర్సెనిక్ కూడా ఉంటే ఫాస్ఫేటు దాన్ని కదిలిస్తుంది. పరీక్ష ఫలితం రాకుండా ఏదీ చల్లకండి.

జవాబు: పిల్లల వైద్యురాలు

మట్టి గురించి పెద్దలు చెప్పారు కాబట్టి, ఇన్నాళ్లూ అక్కడ ఆడిన పిల్లల గురించి చెబుతాను. రక్తంలో సీసానికి సురక్షిత స్థాయి అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. డెసిలీటరుకు 5 మైక్రోగ్రాములు, అంతకు మించి ఉంటే సీసం ఎక్కడి నుంచి వస్తోందో వెదికి ఆపాలని ఆ సంస్థ 2021లో సూచించింది. ఆరేళ్లలోపు పిల్లలకు, మట్టి తినే అలవాటున్నవాళ్లకు ముందుగా పరీక్ష చేయించండి. వేలిమొనను గుచ్చి తీసిన రక్తంలో చర్మం మీది ధూళి కలిసి తప్పు అంకె రావచ్చు, అందుకే ఎక్కువ వస్తే నరం నుంచి తీసిన రక్తంతో నిర్ధారించుకోవాలి. సీసాన్ని బయటికి పంపే మందులు అదే కొలతలో 45 స్థాయికి చేరినవారికే సాధారణంగా అవసరమవుతాయి. అంతకు తక్కువైతే మూలాన్ని ఆపడమే చికిత్స.

ఇనుము, కాల్షియం తక్కువైన పిల్లల ఒంటికి సీసం ఎక్కువగా పడుతుంది. మన రాగిసంగటి, ఆకుకూరలు మేలే చేస్తాయి, కానీ అవి మట్టిలోని సీసానికి విరుగుడు కావు. ఆడి వచ్చిన పిల్లలు చెప్పులు గడప బయటే విడిచి, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఏదైనా తినాలి.

పాత జారుడుబల్ల సంగతి కూడా చూసుకోండి. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుంచి మాత్రమే అమలులోకి వచ్చింది. అంతకుముందు వేసిన రంగు పెచ్చులూడుతుంటే దాన్ని పొడిగా గీకించకండి.

కార్యదర్శి

అందరికీ కృతజ్ఞతలు. అర్జీ రాసే పని ఈ వారమే మొదలుపెడుతున్నాం, ఆ మూలకు తాత్కాలికంగా కంచె కట్టిస్తున్నాం. ఒక్క సందేహం మిగిలింది: షటిల్ కోర్టును అక్కడికి మారిస్తే దీపస్తంభాలకు, నెట్ కంబాలకు గుంతలు తవ్వక తప్పదు కదా?

జవాబు: సివిల్ పనుల పర్యవేక్షకుడు

తప్పించుకోవచ్చండీ. నెట్ కంబాలకు చక్రాలున్న బరువు దిమ్మెలవి దొరుకుతాయి. దీపస్తంభాలను శుభ్రమైన వైపు ప్రహరీ పక్కన నిలబెట్టి, కేబులును గోడ మీదుగా తీసుకురండి. సీసం ఉన్న చోట్లను చూపే మట్టి పటం ప్రతులు నగరపాలక సంస్థ ఇంజినీరింగ్ విభాగం దగ్గర, విద్యుత్తు, నీటి సరఫరా వారి దగ్గర ఒక్కొక్కటి ఉంచండి. పైపు కోసం వాళ్లే వచ్చి తవ్వుతారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన దగ్గర వానలు, 2021 నవంబరు వరద మనకు తెలిసిందే. కాబట్టి నమూనాలూ అనుమతులూ ముందే ముగించి, మట్టి పని సంక్రాంతి దాటాక పెట్టుకుని, ఎండలు ముదరకముందే గడ్డి నాటించండి.