పొడవాటి ఇంగ్లిష్ వాక్యానికి గీతలు ఎక్కడ పెట్టాలి?

పెన్సిల్‌గీత: గ్రూప్స్‌కి చదివేవాళ్లు ఇంగ్లిష్ పేరా దగ్గర ఆగిపోయేది చాలాసార్లు మాటలు తెలియక కాదు, ఎక్కడ విరవాలో తెలియక. రాజ్యాంగ పీఠికే చూడండి, 85 మాటలు, ఒకే వాక్యం. మీరైతే ఎలా విరుస్తారు?

సమాపకం: ముందు కర్తనీ క్రియనీ పట్టుకోవాలండీ. కర్త ‘వియ్’, మొదటి మాట. దాని క్రియ ‘డూ హియర్‌బై అడాప్ట్’ మొదలయ్యేది 76వ మాట దగ్గర. ఆ రెంటి కిందా గట్టిగా గీస్తే మిగతాదంతా మధ్యలో ఇరికించిందని తెలిసిపోతుంది. ‘హ్యావింగ్ సోలెమ్లీ రిజాల్వ్‌డ్’ని అసలు క్రియ అనుకుంటే దారి తప్పినట్టే. అది మన ‘తీర్మానించుకుని’ లాంటి అసమాపక క్రియ.

నాలుగోపీరియడ్: ‘టు’ ముందు గీత పెడితే చాలు కదా. టు కాన్‌స్టిట్యూట్ / టు సెక్యూర్ / టు ప్రమోట్. తీర్మానించుకున్న పనులు మూడూ దొరికిపోతాయి.

సమాపకం: గీత సరే, అన్నీ పనులు కావు. ఇందులో ‘టు’ ఐదుసార్లుంది. ‘టు ఆల్ ఇట్స్ సిటిజెన్స్’, ‘టు అవర్‌సెల్వ్స్’లో ఉన్నది మన ‘కి’. టు తర్వాత క్రియ ఉందా లేదా చూసుకోవాలి.

పెన్సిల్‌గీత: పేపర్లో వాక్యాలకి క్రియ అంత చివర్లో రాదుగా?

సమాపకం: రాదు, కానీ మాటల వరస మనకి తిరగబడి ఉంటుంది, చిక్కు అక్కడే. మనం ‘నిన్న నేను కొన్న పుస్తకం’ అంటాం. వాళ్లు ‘ద బుక్ / విచ్ ఐ బాట్ / యెస్టర్‌డే’ అంటారు. చివర్నుంచి వెనక్కి తెలుగు చేసుకుంటూ వస్తే ప్రతి వాక్యం రెండుసార్లు చదవాల్సిందే. పుస్తకం, ఏది? నేను కొన్నది. ఎప్పుడు? నిన్న. ఇలా ముందుకే పోవాలి. ముక్కకి మూడు నుంచి ఆరు మాటలు. ‘ద’ని నామం నుంచీ, ‘లుక్ ఆఫ్టర్’లో ‘ఆఫ్టర్’ని ‘లుక్’ నుంచీ విడదీయొద్దు.

బల్లచెక్క: కనబడని ‘దట్’ సంగతి ఎవరూ చెప్పలేదు. ‘ద మెడిసిన్ ద డాక్టర్ గేవ్ వర్క్‌డ్.’ మధ్యలో కామా గానీ ‘అండ్’ గానీ లేకుండా రెండు నామాలు పక్కపక్కన పడ్డాయంటే చాలాసార్లు ‘దట్’ మింగేశారన్నమాట. గీత ఆ రెంటి మధ్యే. ‘గేవ్’ డాక్టరుది, ‘వర్క్‌డ్’ మందుది.

నాలుగోపీరియడ్: కామా ఉన్నచోటల్లా ఆగొచ్చా?

బల్లచెక్క: వద్దు. ‘థాట్, ఎక్స్‌ప్రెషన్, బిలీఫ్’ మధ్య కామాలు వరస కోసం. పీఠికలో పెద్ద గీతలు నాలుగు సెమికోలన్ల దగ్గరే. ఇంకో మెలిక, ‘ప్రమోట్’కీ దాని కర్మ ‘ఫ్రెటర్నిటీ’కీ మధ్య ‘అమాంగ్ దెమ్ ఆల్’ దూరింది. క్రియ దగ్గర ‘దేన్ని?’ అని అడిగి, జవాబు దొరికేదాకా ఆ ప్రశ్నని వదలకూడదు.