సోషల్ టీచర్లకు ప్రపంచ వ్యవహారాలపై ఒక పూట శిక్షణ: ఏం చేయిస్తే బాగుంటుంది?

ప్రశ్న: సోషల్ టీచర్, ఉప్పల్

అందరికీ నమస్కారం. ఉప్పల్ వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సోషల్ స్కూల్ అసిస్టెంటుగా పనిచేస్తున్నాను. రాబోయే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో మధ్యాహ్నం పూటంతా నా నెత్తిన పెట్టారు. హైస్కూలు పిల్లలకు ప్రపంచ వ్యవహారాలు ఎలా చెప్పాలన్నది అంశం. వచ్చేది చుట్టుపక్కల బడుల సోషల్ వాళ్లే. సగం మంది నాకన్నా సీనియర్లు.

ఇలాంటి శిక్షణలు ఎలా నడుస్తాయో మనకు తెలియనిది కాదు. ఐక్యరాజ్యసమితికి ఆరు ప్రధాన అంగాలు, 193 సభ్యదేశాలు, భద్రతా మండలిలో అయిదు దేశాలకు వీటో అని తెర మీద చూపిస్తారు. ఏళ్ల తరబడి మనం పిల్లలకు చెబుతున్నవే మళ్లీ మనకు చెబుతారు. ఆ తర్వాత టీ, సంతకాలు, గ్రూపులో పెట్టడానికి ఒక ఫోటో. నేనూ అదే చేస్తే ఎవరూ ఏమీ అనరు గానీ, చేయబుద్ధి కావడం లేదు.

నా ఇబ్బంది వేరే చోట ఉంది. 2025 జూన్‌లో బడులు తెరిచిన కొత్తలోనే ఇరాన్, ఇజ్రాయెల్ మధ్య యుద్ధం మొదలైంది. 23వ తేదీన ఖతార్‌లోని అమెరికా స్థావరం మీదికి ఇరాన్ క్షిపణులు వేసింది. ఖతార్ గగనతలం మూతపడింది. మర్నాడు తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి, "మేడమ్, మా నాన్న దోహాలో ఆగిపోయారు. కొట్టుకుంటున్నది వాళ్లయితే మధ్యలో ఖతార్ ఏం చేసింది?" అని అడిగింది. అమెరికా స్థావరం సంగతి చెప్పడం మొదలుపెట్టానో లేదో, వెనక బెంచీలో ఒకడు ఒక దేశానికి జై కొట్టాడు. ఇంకొకడు రెండో దేశానికి కొట్టాడు. పాఠం అక్కడితో సరి.

పాఠ్యపుస్తకం ఆగిపోయిన చోటు నుంచి ఈనాటి వార్త దాకా పిల్లలను ఎలా తీసుకురావాలి? తరగతిలో ఇలా జై కొట్టడాన్ని ఏం చేయాలి? సిలబస్ పూర్తి కాదని భయపడే టీచరుకు ఏం చెప్పాలి? అనుభవం ఉన్నవాళ్లు సలహా ఇవ్వండి.

జవాబు: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, బాగ్‌లింగంపల్లి

అమ్మా, ముందు ఆ ప్రొజెక్టరును బీరువాలోనే ఉండనివ్వండి. టీచర్లను పిల్లల్లా కూర్చోబెట్టి ఒకే ఒక్క పాఠం మొదటి నుంచి చివరి దాకా చేయించండి. పది సంగతులు విని వెళ్లిన టీచరు మర్నాడు తరగతిలో ఒక్కటీ వాడడు. ఒక పాఠం స్వయంగా చేసి వెళ్లినవాడు కనీసం ఆ ఒక్కటైనా చేయిస్తాడు. టీచర్లకు శిక్షణ ఇచ్చే రిసోర్స్ పర్సన్‌గా చాలాకాలం తిరిగాక నాకు మిగిలిన నమ్మకం ఇదొక్కటే.

ఏ పాఠమంటారా? 2022 మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభలో జరిగిన ఓటింగు. ఉక్రెయిన్ నుంచి రష్యా సేనలు వెనక్కి వెళ్లాలన్న తీర్మానం అది. ఫలితం ముందుగా చెప్పకండి. దేశాల పేర్లు చీటీల మీద రాసి తలా ఒకటి ఇవ్వండి. భారత్, పాకిస్తాన్, చైనా, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్, భూటాన్, మాల్దీవులు తప్పనిసరిగా ఉండాలి. మిగతావి మీ ఇష్టం. గదిలో ఒక గోడకు అనుకూలం, ఒక గోడకు వ్యతిరేకం, ఒక గోడకు తటస్థం అని కాగితాలు అంటించి, ఎవరి దేశం ఎటు ఓటేసి ఉంటుందో ఊహించి అక్కడికి వెళ్లి నిలబడమనండి.

తమాషా అప్పుడు మొదలవుతుంది. పాకిస్తాన్ చీటీ వచ్చినాయన భారత్ ఎక్కడుందో చూసుకుని సరిగ్గా దానికి ఎదురు గోడకు వెళ్తాడు! ఆ తర్వాత అసలు లెక్క చదవండి. అనుకూలం 141, వ్యతిరేకం 5, తటస్థం 35. భారత్, పాకిస్తాన్, చైనా, బంగ్లాదేశ్, శ్రీలంక అన్నీ తటస్థం గోడ దగ్గరే. నేపాల్, భూటాన్, మాల్దీవులు అనుకూలం. వ్యతిరేకించినవి రష్యా, బెలారస్, సిరియా, ఉత్తర కొరియా, ఎరిత్రియా. అందరూ తమ తమ గోడలు మార్చుకున్నాక "ఎందుకిలా?" అని మీరు అడగనక్కర్లేదు, వాళ్లే అడుగుతారు.

ఇక్కడే నల్లబల్ల మీద నిలువుగా ఒక గీత గీయండి. ఎడమ పక్కన "తెలిసింది", కుడి పక్కన "అనుకుంటున్నది". ఓట్ల లెక్క ఎడమ పక్కకు వస్తుంది. దశాబ్దాలుగా మన ఆయుధాల్లో పెద్ద భాగం రష్యావే, ఇదీ ఎడమ పక్కనే. ఆ రోజుకింకా మన వైద్య విద్యార్థులు ఖార్కివ్‌లో చిక్కుకుని ఉన్నారు. వాళ్లకు సురక్షితంగా దారి ఇవ్వాలని మన ప్రతినిధి ఓటుకు ఇచ్చిన వివరణలోనే ఉంది. అదీ ఎడమే. "రష్యాకు భయపడి మానేశాం", "చాలా తెలివిగా తప్పుకున్నాం" లాంటివి ఎవరు చెప్పినా కుడి పక్కకు పోతాయి. నేపాల్ ఎందుకు అటు వెళ్లిందన్న దాని మీద టీచర్లు చెప్పే కారణాలన్నీ మొదట కుడి పక్కనే పడతాయి, చూడండి. వాటిని ఎడమకు జరపాలంటే ఏ ఆధారం కావాలో వాళ్లనే చెప్పమనండి.

సమయం ఉంటే మన ఊరి సంగతే ఇంకొకటుంది. నిజాం ప్రభుత్వం 1948 ఆగస్టులో భారత్ మీద భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబర్ 13న భారత సైన్యం కదిలింది. 16న పారిస్‌లో మండలి ముందు హైదరాబాద్ విషయం చర్చకు వచ్చేసరికి ఇక్కడ కథ చివరికొచ్చింది, మర్నాడే నిజాం లొంగిపోయాడు. భద్రతా మండలి ఏం చేయగలదు, ఎంత వేగంగా చేయగలదు అన్నదానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ మన పిల్లలకు దొరకదు. పేరాలు బట్టీ పట్టించే పని ఉండదు.

జవాబు: ఉర్దూ, తెలుగు మాధ్యమాలు రెండూ చెప్పిన టీచర్, చాంద్రాయణగుట్ట

పెద్దాయన చెప్పింది బాగుంది. జై కొట్టే పిల్లల సంగతి మాత్రం చీటీలతో తీరదు. మా బడికి బార్కస్ దగ్గర. అక్కడ చాలా కుటుంబాల పూర్వీకులు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో పనిచేయడానికి వచ్చినవాళ్లు. మా పిల్లల్లో కొందరికి యెమెన్ తాతల ఊరు. అలాంటి తరగతిలో "భావోద్వేగాలు పక్కన పెట్టి చర్చిద్దాం" అంటే ఎవరూ నోరు విప్పరు.

నేను పెట్టుకున్న నియమం ఒకటే. ఎవరు ఏ వాక్యం చెప్పినా అందులో పని చేసింది ఎవరో స్పష్టంగా ఉండాలి. "వాళ్లు చంపారు" అంటే ఒప్పుకోను. ప్రభుత్వమా, సైన్యమా, సాయుధ ముఠానా, ఎవరు? ప్రజల పేరో మతం పేరో కర్తగా పెడితే వాక్యం మళ్లీ చెప్పాలి. మొదట్లో విసుక్కుంటారు, తర్వాత ఒకరి వాక్యాన్ని ఒకరు సరిదిద్దుతారు. నేను ఏ పక్షమో చెప్పను. అడుగుతూనే ఉంటారు, చెప్పను.

శిక్షణలో దీన్ని ఉపన్యాసంగా చెప్పకండి మేడమ్. ఒక టీచరును వెనక బెంచీ కుర్రాడిగా కూర్చోబెట్టి జై కొట్టించండి. ఇంకొకరు ఎదుర్కోవాలి. మన వాళ్లు ఆ కుర్రాడి వేషం ఎంత బాగా వేస్తారో మీరే చూస్తారు.

సిలబస్ భయానికి: 2023 నవంబరు నుంచి యెమెన్‌లోని సాయుధ ముఠా హూతీలు ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు చేయడంతో చాలా ఓడలు సూయజ్ వదిలి ఆఫ్రికా దక్షిణపు కొస చుట్టూ తిరిగాయి. గ్లోబు మీద ముంబయి నుంచి యూరప్‌కు రెండు దారుల్లోనూ దారం పరిచి, పొడవులు పోల్చమనండి. 1869లో తెరిచిన కాలువ, 1956లో దాన్ని జాతీయం చేసిన ఈజిప్టు అధ్యక్షుడు నాసర్, అక్కడి నుంచి అలీనోద్యమం. పుస్తకంలోని పాఠానికే చేరుకున్నాం కదా.

జవాబు: సీబీఎస్‌ఈ బడి టీచర్, కూకట్‌పల్లి

కొంచెం విభేదిస్తాను. టీచరుకే విషయం తెలియకపోతే గోడలూ చీటీలూ ఏం చేస్తాయి? మనలో చాలామంది డిగ్రీలో చదివింది చరిత్రో భూగోళమో. అంతర్జాతీయ రాజకీయాలు చదివినవాళ్లు తక్కువ. 2020 జాతీయ విద్యా విధానం ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ అంటోంది. అందులో కొన్ని గంటలైనా శుద్ధంగా చదువుకోవడానికే ఉండాలి. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి రాజనీతిశాస్త్రం పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. సమావేశానికి ముందే ఒక అధ్యాయం చదివి రమ్మనండి.

పటాల దగ్గర జాగ్రత్త. అంతర్జాలంలో దొరికిన ప్రపంచ పటం అచ్చు వేసి పంచితే మన సరిహద్దులు వేరుగా ఉండి గొడవవుతుంది. సర్వే ఆఫ్ ఇండియా పటాలే వాడండి. దాని కార్యాలయం మీ ఉప్పల్‌లోనే ఉంది.

ఉప్పల్ టీచర్:

అందరికీ ధన్యవాదాలు. ఓటింగు పాఠం, జై కొట్టే కుర్రాడి వేషం రెండూ పెడుతున్నాను. ముందుగా చదివి రమ్మంటే మా వాళ్లు రారేమో సర్, అధ్యాయంలో రెండు పేజీలు అక్కడే చదివిస్తాను. 1948 సంగతికే జంకుతున్నాను. సెప్టెంబర్ 17ను విమోచనమనాలా, విలీనమనాలా అన్న తగవులో పూటంతా పోతుందేమో?

బాగ్‌లింగంపల్లి:

పోతుంది, సందేహం లేదు. అందుకే దాన్ని మొదట పెట్టవద్దు. ఆ గీత గీయడం అలవాటయ్యాక, చివర్లో, పారిస్ సమావేశం వరకే తీసుకోండి. ఎవరైనా తేదీ పేరు ఎత్తితే బల్ల దగ్గరికి పిలిచి సుద్దముక్క చేతికివ్వండి. ఏ పక్క రాస్తారో ఆయనే తేల్చుకుంటారు. ఇంకొక మాట, ప్రారంభోపన్యాసానికి మండల విద్యాధికారి గారు వస్తారు. అరగంట అందులో పోతుంది, లెక్కలో వేసుకోండి.

ఉప్పల్ టీచర్:

ముప్పావుగంట వేశాను సర్. ఆయనకు కూడా ఒక చీటీ ఇస్తున్నాను, భూటాన్.