‘ప్రెజెంట్లీ’ అంటే ‘ప్రస్తుతం’ అనా, ‘కాసేపట్లో’ అనా?

ప్రశ్న:
ఉద్యోగ దరఖాస్తుల్లోనూ ఆఫీసు ఉత్తరాల్లోనూ ‘ప్రెజెంట్లీ’ అనే మాటను ‘ప్రస్తుతం’ అనే అర్థంలోనే ఇంతకాలం రాస్తూ వచ్చాను. ఈమధ్య లండన్‌లోని మా క్లయింట్ ఒకరు నా ఉత్తరం చూసి, తమ దగ్గర ఆ మాటకు ‘కాసేపట్లో’ అనే అర్థమే ముందుగా తోస్తుందనీ, ‘కరెంట్లీ’ అని రాయడం మంచిదనీ చెప్పారు. ‘ప్రెజెంట్’ అంటే వర్తమానమే కదా, దాని నుంచి పుట్టిన మాట భవిష్యత్తు వైపు ఎలా జరిగింది? మనం రాసేది తప్పా? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం 1:
లాటిన్‌లో ‘ఎదుట ఉన్న’ అనే అర్థమున్న మాట పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి ‘ప్రెజెంట్’గా వచ్చింది. దానికి ‘లీ’ చేరి ఏర్పడిన మాటకు తొలినాళ్లలో ‘ఇప్పుడు’, ‘వెంటనే’ అనే రెండర్థాలూ ఉండేవి. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలులో, మత్తయి సువార్త 21వ అధ్యాయంలో, యేసు శపించిన అంజూరపు చెట్టు ‘ప్రెజెంట్లీ’ ఎండిపోయిందని ఉంటుంది. దాన్ని ‘కాసేపటికి’ అని చదివితే ఆ సన్నివేశం బలమే పోతుంది, ఎందుకంటే శిష్యులు ఆశ్చర్యపడింది అది అంత త్వరగా ఎండినందుకే. వెంటనే చేస్తానన్న పనిని కొంత ఆగి చేయడం మనుషులకు అలవాటు కనుక, క్రమంగా ఆ మాట పట్టు సడలి ‘కాసేపట్లో’ అయింది. ‘సూన్’ సంగతీ ఇంతే, పాత ఇంగ్లీషులో ‘సోనా’ అంటే తక్షణమే అని అర్థం. మనవాళ్లు ‘ఇప్పుడే వస్తాను’ అని వెళ్లి పావుగంటకు వచ్చినా ఎవరూ దాన్ని అబద్ధమనరు.

సమాధానం 2:
పై వివరణ బాగుంది, కానీ ‘తప్పా?’ అన్న ప్రశ్నకు జవాబు రాలేదు. తప్పు కాదు. ‘ప్రస్తుతం’ అనే అర్థం 17వ శతాబ్దం తర్వాత ఇంగ్లండు సాహిత్య భాషలో వెనకబడినా, స్కాట్లండులో నిలిచే ఉంది, అమెరికాలో నేడు విరివిగా వినిపిస్తుంది. మన దేశపు ఆఫీసు ఇంగ్లీషులో ఉన్నది కూడా ఆ పాత అర్థమే కనుక, దాన్ని మనవాళ్ల పొరపాటుగా కొట్టిపారేయడం న్యాయం కాదు.

సమాధానం 3:
అనువాదాలు చేసేవాడిగా నేను ముందు క్రియను చూస్తాను. ‘హి విల్ కమ్ ప్రెజెంట్లీ’ అంటే కాసేపట్లో వస్తాడని, ‘షి ఈజ్ ప్రెజెంట్లీ ఇన్ గుంటూరు’ అంటే ప్రస్తుతం గుంటూరులో ఉందని. కథల్లో భూతకాల క్రియతో వస్తే ‘కొంతసేపటికి’ అని రాయాలి, అక్కడ ‘ప్రస్తుతం తలుపు తెరుచుకుంది’ అని రాస్తే వాక్యం చెడుతుంది. చిక్కంతా ‘ది ఆఫీస్ ఈజ్ క్లోజింగ్ ప్రెజెంట్లీ’ వంటి చోటే, ఎందుకంటే ఇప్పుడు మూస్తున్నారో, మరికాసేపట్లో మూస్తారో ఆ వాక్యం చెప్పదు. కాబట్టి విదేశాలకు వెళ్లే ఉత్తరంలో ‘కరెంట్లీ’ గానీ ‘సూన్’ గానీ రాయండి, వీలైతే ఎన్ని గంటలకో కూడా రాసేయండి.