పెద్ద అప్‌డేట్ తర్వాత మా తోట మోడులైపోయింది. పాత వెర్షన్‌కి వెళ్లే దారి ఉందా?

ఉద్దానం_కుర్రోడు

అందరికీ నమస్కారం. మాది పలాస దగ్గర పల్లె. కాశీబుగ్గలో ఒక జీడిపప్పు వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాను. ఆట పేరు కావాలనే రాయడం లేదు. కొద్దిమంది కలిసి చేస్తున్న ఆట అది, వాళ్ల మీదికి ఎవరినీ ఉసిగొల్పాలని లేదు. నది పక్కన ఊరు కట్టుకుని, పొలమో తోటో వేసుకుని, స్నేహితులతో కలిసి ఆడుకునే రకం.

రెండేళ్లుగా నేనూ, చెన్నైలో పనిచేసే మా తమ్ముడూ రాత్రి తొమ్మిదిన్నరకి అందులో కలుసుకుంటున్నాం. ఇప్పటికి 640 గంటలైంది. అందరిలా మేడలేమీ కట్టలేదు, తోట వేశాం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి ఉద్దానంలో కొబ్బరి, జీడి ఎలా పడిపోయాయో ఈ జిల్లావాళ్లకి చెప్పక్కర్లేదు. మా నాన్న తోట ఒక్క రాత్రిలో పోయింది. తెల్లారి గుమ్మంలో నిలబడితే దూరంగా రైలు కట్ట కనిపించింది. అంతకుముందు చెట్లు అడ్డం ఉండి ఎప్పుడూ కనపడేది కాదు. ఆ తోటనే గుర్తు చేసుకుంటూ ఆటలో పన్నెండు వరసలు వేశాం. జీడి చెట్టు అందులో లేదు, మామిడిలా గుబురుగా ఉండేదాన్నే జీడి అనుకున్నాం. ఒకరోజు నాన్న నా వెనక కుర్చీ వేసుకుని చాలాసేపు చూసి, "బావి అక్కడ కాదురా, రెండో వరస మొదట్లో" అన్నారు. బావి తీసి అక్కడ పెట్టాం.

పోయిన నెల పెద్ద అప్‌డేట్ వచ్చింది. వర్షాకాలం, రేవు, పడవలు, చేపల వేట అన్నారు. 4.2 జీబీ. మా ఇంటికి ఫైబర్ లేదు. ఫోన్ హాట్‌స్పాటే దిక్కు, రోజుకి 1.5 జీబీ. మూడు రాత్రులు పట్టింది. తీరా తెరిస్తే రేవు ఉంది, పడవ లేదు, చెక్క పలక మీద 'త్వరలో' అని ఉంది. చేపల కొట్టు తలుపు తీస్తే లోపల ఒట్టి గోడలు. వాన చప్పుడు వినిపిస్తుంది, చినుకు కనపడదు. ఇదంతా ఓర్చుకుంటాను. కానీ తోటలోకి వెళ్తే ఒక్క చెట్టుకీ ఆకు లేదు. ఆటలో ఎన్ని రోజులు గడిపినా చిగురు రావడం లేదు. తర్వాత రెండు ప్యాచ్‌లు దింపారు. ఒక్కోటి జీబీ పైనే, అంటే ఒక్కోదానికి నా ఒక రోజు డేటా. చెట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆ రాత్రి తమ్ముడు ఏమీ మాట్లాడలేదు. "రేపు డ్యూటీ ఉంది" అని వెళ్లిపోయాడు. అప్పట్నుంచి లాగిన్ అవ్వలేదు.

పాత వెర్షన్‌కి వెళ్లడం కుదురుతుందా? క్లౌడ్‌లో (ఇంటర్నెట్‌లో) దాచి ఉండే మా ఆట సేవ్ ఫైలు కూడా మారిపోయి ఉంటుందా? ఇంకో మాట కూడా అడగాలి. చిన్న టీం కదా, సర్దుకో అంటున్నారు అందరూ. చిన్న టీం అయినంత మాత్రాన సగంలో ఉన్న పనిని మా ఊరి మీద పెట్టేయొచ్చా?

గంటస్తంభం_సెంటర్

తమ్ముడూ, నాది విజయనగరంలో కంప్యూటర్లు బాగుచేసే షాపు. ముందు ఆ ఆట తెరవడం ఆపేయ్. తెరిచినప్పుడల్లా సేవ్ మళ్లీ రాసుకునే ప్రమాదం ఉంది.

స్టీమ్‌లో (కంప్యూటర్ ఆటలు అమ్మే యాప్‌లో) కొన్నదైతే లైబ్రరీలో ఆట మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో 'బీటాస్' చూడు. కొన్ని టీంలు పాత వెర్షన్లు అక్కడ ఉంచుతాయి. ఉంటే ఎంచుకో, అదే దిగుతుంది. కానీ ముందుగా క్లౌడ్ ఆపు, సేవ్ ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి. ఈ రెండూ చేయకుండా వెర్షన్ మార్చొద్దు. ఆ ఫోల్డర్‌లోనే 'ఓల్డ్' అనో 'బ్యాకప్' అనో ఏమైనా ఉందా చూడు. చాలా ఆటలు పాత సేవ్‌ని ఒకటో రెండో అలా దాస్తాయి. కొత్త వెర్షన్‌లో సేవ్ అయిన ఫైలు పాతదాంట్లో సాధారణంగా తెరుచుకోదు, కాబట్టి ఆ పాత కాపీయే నీకు ఆధారం. ఇద్దరూ ఒకే వెర్షన్‌లో ఉంటేనే కలిసి ఆడగలరు, తమ్ముడికీ చెప్పు.

డబ్బు వాపసు ఆశ పెట్టుకోకు. కొన్న 14 రోజుల్లో, ఆడింది 2 గంటల లోపు ఉంటేనే ఇస్తారు.

నాగావళి_ఒడ్డు

అన్నా, మీ తోట సంగతి చదివి బాధేసింది. అయినా నాకు వేరే అభిప్రాయం ఉంది. నేను శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నాను. ఎర్లీ యాక్సెస్‌లో ఉన్న ఆట అయితే, ఇంకా పూర్తి కాలేదని కొనే పేజీలోనే రాసి ఉంటుంది. అది చదివే కొంటాం కదా. 'నో మ్యాన్స్ స్కై' 2016 ఆగస్టులో వచ్చినప్పుడు ఇద్దరు ఆటగాళ్లు ఒకే గ్రహం మీదికి వెళ్లినా ఒకరికొకరు కనపడలేదు. ఎంత తిట్టారో. ఆ టీం నోరు మూసుకుని పనిచేసింది. 2018 జులై అప్‌డేట్‌తో కలిసి ఆడటం సరిగ్గా వచ్చింది, అదీ ఉచితంగా. ఓపిక పడితే మీ రేవులోకి కూడా పడవ వస్తుందేమో.

ఉద్దానం_కుర్రోడు

తమ్ముడూ, పడవ కోసం ఏడాదైనా ఆగుతాను, అది నా ఫిర్యాదు కాదు. 'ప్రాజెక్ట్ జోంబాయిడ్' వాళ్లు 2024 డిసెంబరులో బిల్డ్ 42 ఇచ్చారు. అందులో అప్పటికి కలిసి ఆడే సౌకర్యమే లేదు, పాత సేవ్‌లు పనిచేయవు. అయినా దాన్ని వేరే బ్రాంచ్‌లో పెట్టారు, కావాలనుకున్నవాళ్లే వెళ్లి ఎక్కించుకున్నారు. మామూలుగా ఆడేవాళ్లకి అప్పుడు బిల్డ్ 41 అలాగే ఉంచారు. నేను అడిగేది అంతే. సగం పని చూపించండి, సంతోషంగా చూస్తాం. కానీ దాన్ని వేరే గదిలో పెట్టండి. మేం పడుకుని లేచేసరికి మా ఇంటి పైకప్పు తీసి ఉండకూడదు. 'త్వరలో' పలక మీద నాకు కోపం లేదు. మా చెట్లని పరీక్షకి వాడారు, అదీ మమ్మల్ని అడక్కుండా.

బొంకులదిబ్బ

నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, సొంతూరు విజయనగరం. ఆటలు చేయను గానీ మీ చెట్లు మోడైన సంగతి నాకు తెలిసిన జబ్బులాగే ఉంది. పాత సేవ్‌లో చెట్టుకి వయసు ఒక్కటే రాసి ఉంటుంది. వర్షాకాలం పెట్టినప్పుడు నీరు, రుతువు అని కొత్త గడులు చేర్చి ఉంటారు. పాత చెట్టుకి ఆ గడుల్లో ఏమీ ఉండదు. ఖాళీని సున్నాగా తీసుకుంటే చెట్టుకి నీరే లేదని లెక్క, ఇక చిగురు ఎక్కడిది? కొత్తగా నాటిన మొక్క పెరుగుతుంటే ఇదే కారణమని దాదాపు చెప్పొచ్చు. నాటి చూడండి.

వాళ్లు పరీక్షించేది ఎక్కువగా కొత్త ఊళ్ల మీదే అయ్యుంటుంది, రెండేళ్ల ఊరు వాళ్ల దగ్గర ఉండదు. అందుకే మీ సేవ్ ఫైలు జతచేసి పంపండి. వెర్షన్ నంబరు, ముందు ఏముంది, ఇప్పుడేముంది, కొత్త మొక్క ఏమైంది, ఈ నాలుగూ రాయండి. తిట్టు ఒక్కటి కూడా వద్దు. అలాంటి రిపోర్టు వస్తే మా ఆఫీసులో ముందు దాన్నే తీస్తాం. మీరడిగిన రెండో మాటకి మాత్రం నా జవాబు: పెట్టకూడదు. పాత సేవ్ బతికి ఉందో లేదో చూడకుండా అప్‌డేట్ వదలడం టీం చిన్నదైనా పెద్దదైనా తప్పే.

నాగావళి_ఒడ్డు

ఒప్పుకుంటున్నానన్నా. 'స్టార్‌డ్యూ వ్యాలీ' 1.6 కంప్యూటర్లకి 2024 మార్చిలో వస్తే నా ఫోన్‌కి నవంబరులో వచ్చింది. చాలా విసుక్కున్నాను. కానీ వచ్చాక నా పాత పొలంలో ఒక్క మొక్క కూడా పోలేదు. ఆ ఆలస్యాన్ని ఇప్పుడు వేరేలా చూస్తున్నాను.

ఉద్దానం_కుర్రోడు

మొన్నొక రోజు సెలవు పెట్టి కూర్చున్నాను. కొత్త మొక్క నాటితే ఆటలో మూడో రోజుకే చిగురేసింది, బొంకులదిబ్బ గారు చెప్పినట్టే. సేవ్ జతచేసి నాలుగు విషయాలూ రాసి పంపాను. ఐదోదిగా ఇంకో మాట కూడా రాశాను: సగంలో ఉన్నవి ఇకమీదట వేరే బ్రాంచ్‌లో పెట్టమని.

బీటాస్‌లో పాత వెర్షన్ ఉంది. ఫోల్డర్‌లో పాత కాపీ కూడా దొరికింది, అప్‌డేట్‌కి పదకొండు రోజుల ముందుది. నది పక్కన కట్టిన పాక అందులో లేదు, బావి ఉంది. పాత వెర్షన్ దిగడానికి మళ్లీ రెండు రాత్రుల డేటా అయింది. గంటస్తంభం అన్నా, పెన్‌డ్రైవ్ మాట మీరు చెప్పకపోతే దీన్నీ పోగొట్టుకునేవాణ్ని.

తమ్ముడికి స్క్రీన్‌షాట్ పంపాను. తొమ్మిదిన్నరకి వచ్చాడు. ఏమీ అనకుండా మొదటి వరస నుంచి చివరిదాకా నడిచి, "పన్నెండూ ఉన్నాయిరా అన్నయ్యా" అన్నాడు.