కాలేజీలో డ్యూటీకి మించి పనిచేసేవాళ్లను గుర్తించడం ఎలా? (శాలువాతో సరిపెట్టకుండా)

పర్లాకిమిడి_లెక్చరర్:

నమస్కారం అండి. మాది ఒడిశా గజపతి జిల్లాలో ఎయిడెడ్ ప్లస్ త్రీ (డిగ్రీ) కాలేజీ. టీచింగ్ 22 మంది, నాన్ టీచింగ్ 17 మంది, ఏజెన్సీ ద్వారా వచ్చిన వాచ్‌మన్లూ స్వీపర్లూ 9 మంది. ఏటా వార్షికోత్సవంలో "ఉత్తమ ఉద్యోగి" అని ఒకరికి శాలువా కప్పుతాం. ఎందుకు కప్పారో వేదిక మీద ఎవరూ చెప్పరు. ఈ ఏడు నుంచి పద్ధతి మార్చే పని నా మీద పెట్టారు. ఏది డ్యూటీ, ఏది డ్యూటీకి మించినది అన్న గీత ఎక్కడ గీయాలి? ఖర్చు ఏ నిధిలోంచి పెట్టాలి? ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు సగం మంది, ఆఫీసు కాగితమంతా ఒడియా, ఇంగ్లీషు. మరి ప్రశంసా పత్రం ఏ భాషలో ఉండాలి?

బరంపురం_ఆఫీసు:

మాస్టారూ, ముందు పని పంపకం ఆర్డరు బయటికి తీయండి. ఎవరి పని ఏమిటో కాగితం మీద లేకపోతే "మించిన పని" అన్న మాటకు అర్థమే లేదు. చాలా కాలేజీల్లో ఆ ఆర్డరు పాతబడి, రిటైరైనవాళ్ల పేర్లతోనే ఉంటుంది. దాన్ని సరిచేయకుండా అవార్డు పెడితే మొదటి ఏడాదే గొడవ.

గీత ఎక్కడంటే, ల్యాబ్ అటెండెంట్ గాజు సామాను కడగడం డ్యూటీ. లేబుల్ ఊడిన సీసాలన్నీ వేరు చేసి, ఏవి పారబోయాలో డెమాన్‌స్ట్రేటర్‌తో కూర్చుని జాబితా రాయించడం మించిన పని. స్కాలర్‌షిప్ గుమస్తా దరఖాస్తు పోర్టల్‌లో ముందుకు పంపడం డ్యూటీ. ఆధార్ బ్యాంకు ఖాతాకు సీడ్ కాని (జోడించని) పిల్లల పేర్లు ముందే ఏరి, ఒక్కొక్కరికీ ఫోన్ చేసి బ్యాంకుకు పంపడం మించిన పని, ఎందుకంటే సీడింగ్ లేకపోతే దరఖాస్తు మంజూరైనా డబ్బు ఖాతాలో పడదు. సామ్స్ (ఒడిశా ఆన్‌లైన్ ప్రవేశాల పోర్టల్) అడ్మిషన్ల రోజుల్లో రాత్రి దాకా కూర్చోవడం మాత్రం జాగ్రత్తగా చూడాలి. అది ఆ సెక్షన్‌లో అందరూ చేసేదే. ఒక్కరికిస్తే మిగతావాళ్లు నొచ్చుకుంటారు, సెక్షన్ మొత్తానికి ఒకే పత్రం ఇవ్వండి.

ఫారం సగం పేజీ దాటకూడదు. ఏం చేశారు (తేదీతో సహా), అది వాళ్ల డ్యూటీలో ఉందా, చేయకపోతే ఏమయ్యేది, చూసిన ఇద్దరి సంతకాలు. "మంచివాడు, ఓపికపరుడు" లాంటి మాటలుంటే ఫారం వెనక్కి పంపండి. గుణాలు రాస్తే ఎవరికి పలుకుబడి ఉంటే వాళ్లకే వస్తుంది. కమిటీలో ఐదుగురు: టీచింగ్ ఇద్దరు, నాన్ టీచింగ్ ఇద్దరు, ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత చూసే విభాగం) నుంచి ఒకరు. ప్రిన్సిపల్ గారు ఆమోదించాలి గానీ ఎంపికలో కూర్చోకూడదు. కమిటీ సభ్యుడి పేరే వస్తే ఆ విడతకు ఆయన తప్పుకోవాలి, ఆ సంగతి మినిట్స్‌లో రాయాలి.

సిరోంచ_గ్రంథాలయం:

మహారాష్ట్ర గడ్చిరోలి నుంచి రాస్తున్న. పైన చెప్పింది అంతా సరే గానీ ఏడాదికొకసారి అంటే నేను ఒప్పుకోను. జూన్‌ల చేసిన పనికి జనవరిల పత్రమిస్తే, ఏ పనికిచ్చిన్రో తీసుకున్నోళ్లకే యాదికుండదు. మూడు నెలలకొకసారి చేయున్రి. ఫారాలకు పదిహేను దినాలు, కమిటీకి ఒక వారం చాలు. లాయఖున్న పేరు రాకుంటే ఆ విడత ఖాళీగ వదిలేయాలె. వంతు తిప్పుడు మొదలైతే అవార్డు చచ్చినట్టే.

ఇంకో జబ్బుంది. మంచిగ చేసినోళ్ల నెత్తిమీదనే ఇంకో పని పెడ్తరు. ఎక్సెల్ వచ్చిన గుమస్తాకు ఊరందరి రిజిస్టర్లూ ఇస్తరు. పత్రం ఇచ్చిన దినమే ఆయన చేతుల పనుల్ల ఒకటి ఎవరికి మారుస్తరో ఆర్డర్‌ల రాయున్రి. లేకుంటే రెండో ఏడు ఎవ్వరూ ముందుకు రారు.

ఏజెన్సీ వాచ్‌మన్, స్వీపర్‌లకు శాలువా కన్నా ఉత్తరం పనికొస్తది. ఏజెన్సీకి ప్రిన్సిపల్ సంతకం, ఔట్‌వర్డ్ నంబరుతోటి ఉత్తరం రాసి, నకలు ఉద్యోగి చేతికియ్యాలె. ఏజెన్సీ మారినప్పుడు కొత్తోళ్లకు చూపెట్టుకునేది ఆ కాగితమే. శిక్షకేతర కర్మచారులకైతే (నాన్ టీచింగోళ్లకు) నకలు పర్సనల్ ఫైల్‌ల పెట్టాలె. ఫైల్‌లకు పోని పత్రం గోడమీది ఫొటో లెక్కనే.

గుణుపురం_లెక్కలు:

డబ్బు సంగతి నేను చెప్తాను. విద్యార్థుల ఫీజు పద్దులోంచి తీయకండి. గవర్నింగ్ బాడీ తీర్మానం లేకుండా ఆ ఖర్చు చూపిస్తే లోకల్ ఫండ్ ఆడిట్‌లో అభ్యంతరం ఖాయం, తర్వాత ఎవరి జేబులోంచో కట్టాలి. తీర్మానంలో ఏడాదికి గరిష్ఠ మొత్తం, ఒక్కొక్కరికి గరిష్ఠ మొత్తం, ఏ పద్దు అన్నవి మూడూ ఉండాలి. విడతకు ముగ్గురు, మనిషికి 1,500 రూపాయలు, నాలుగు విడతలు అనుకుంటే 18,000. దానికి ఫ్రేములూ జిరాక్సులూ కలిపి 20,000 అని రాయించుకోండి. తీర్మానం కాకపోతే స్టాఫ్ రూమ్ చందాతో నడపండి, అప్పుడు దాన్ని కాలేజీ అవార్డు అనకూడదు.

నగదు ఇవ్వకండి. నగదు జీతంలో కలిసి పన్ను లెక్కలోకి వస్తుంది, పైగా ఎవరికెంత అన్న గుసగుస మొదలవుతుంది. వస్తువైతే ఇంట్లో వాడుకునేది ఇవ్వండి: చార్జింగ్ టార్చి, మంచి రెయిన్‌కోటు లాంటివి. అయితే డ్యూటీకి కాలేజీయే ఇవ్వాల్సిన సామాను (ల్యాబువాళ్లకు ఏప్రన్ లాంటిది) బహుమతి అని చేతిలో పెట్టడం అవమానం, అది మాత్రం చేయకండి. సర్కారు కాలేజీలవాళ్లు ఇది చదువుతుంటే, 1959 నాటి ఒడిశా ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు చూసుకుని, బయటి సంస్థ పెట్టే సన్మానానికీ కానుకకూ పై అధికారి అనుమతి ముందే రాతపూర్వకంగా తెచ్చుకోండి.

ఫారాలూ మినిట్సూ ఒకే ఫైల్లో ఉంచితే న్యాక్ (కాలేజీల నాణ్యత చూసి గుర్తింపు ఇచ్చే సంస్థ) పనికి కూడా కలిసొస్తుంది, అక్కడ సిబ్బంది సంక్షేమం కూడా చూస్తారు. అలాగని న్యాక్ కోసమే పెట్టారని తెలిస్తే ఒక్క ఫారం కూడా రాదు.

పర్లాకిమిడి_లెక్చరర్:

చాలా ఉపయోగం అండి, అందరికీ కృతజ్ఞతలు. మూడు నెలల విడతే పెడతాం. భాష సంగతి మిగిలింది.

బరంపురం_ఆఫీసు:

పత్రం ఒడియా, ఇంగ్లీషుల్లో చేయించండి, ఫైల్లోకి వెళ్లేది అదే. చేసిన పని రెండు వాక్యాల్లో రాసి, అవి వేదిక మీద తెలుగులో కూడా చదవండి. ఇంట్లోవాళ్లు వినేది అదే కదా.

అసలు తిప్పలు పేరు దగ్గర. మనవాళ్లకు ఇంటిపేరు ముందు, ఒడియా వాడుకలో చివర. జీతం బిల్లులో ఒకలా, ఆధార్‌లో ఒకలా, పత్రంలో ఇంకోలా ఉంటే ఆ పత్రం ఫైల్లో ఉన్నా ఆయనదేనని రుజువు చేసుకోవాలి. జీతం బిల్లులో ఉన్న వరసే పత్రంలో వేయండి, కింద హోదా రాయండి. ఇక ఒడియాలో ఎ, ఏ లకు ఒకటే అక్షరం, ఒ, ఓ లకూ అంతే. మన "వ" చాలాసార్లు "బ" అవుతుంది, వెంకటరావు కాస్తా బెంకటరావై కూర్చుంటాడు. డీటీపీవాడు చేసిన ప్రూఫ్ నేరుగా ఉద్యోగికే చూపించి, పక్కన "సరే" అని రాయించుకున్నాకే ప్రింటుకు పంపండి.

పర్లాకిమిడి_లెక్చరర్:

ముందే చూపిస్తే అవార్డు ఎవరికో ఊరంతా తెలిసిపోదా అండి?

బరంపురం_ఆఫీసు:

అందుకే ఏడాది మొదట్లోనే 48 మంది దగ్గరా పేరు మూడు లిపుల్లో రాయించి సంతకం తీసుకోండి. ఒక రిజిస్టరు చాలు, ఐడీ కార్డులకూ పనికొస్తుంది.